మెడ ఆపరేషన్ తర్వాత నా చేతులు మళ్లీ సూది పట్టుకుంటాయా?

ఉత్తరం

కనిగిరి ప్రాంతం నుంచి ఒక దర్జీ రాసిన నాలుగు పేజీల ఉత్తరం ఇది. పేరు వేయొద్దన్నారు. వయసు 54. ముప్పై ఏళ్లుగా ఆడవాళ్ల జాకెట్లు కుడుతున్నారు. ఏడాది పైగా వేళ్లు మాట వినడం లేదు. మొదట సూదిలో దారం ఎక్కించడం కష్టమైంది, తర్వాత కాజాలు వదిలేశారు. ఇప్పుడు తన చొక్కా గుండీలు పెట్టుకోవడానికే చాలా తంటాలు పడుతున్నారు. కత్తెర చేతిలోంచి జారిపోతోంది. నడుస్తుంటే కాలి చెప్పు ఊడిపోయినా తెలియడం లేదు. మెట్లు దిగాలంటే గోడో, పిట్టగోడో పట్టుకోవాలి. పదేళ్లుగా షుగర్ ఉంది కాబట్టి ఇదంతా షుగర్ వల్లేనని నరాల బిళ్లలతో నెలలు గడిచిపోయాయి. చివరికి ఎమ్మారై తీస్తే మెడలో రెండు చోట్ల వెన్నుపాము నలిగిపోతోందని తేలింది. సర్జన్ ఆపరేషన్ చేయాలన్నారు. "ఇంకా ముదరకుండా ఆపడానికి చేస్తున్నాం, పోయినదంతా తిరిగి వస్తుందని హామీ ఇవ్వలేను" అని కూడా చెప్పారు.

ఆ మాట ఆయన్ను నిద్రపోనివ్వడం లేదు. ఊళ్లో టీకొట్టు నడిపే ఆయన మెడ ఆపరేషన్ చేయించుకుని నెలకే కొట్టు తెరిచారు. పక్క వీధిలో ఒకావిడ అదే ఆపరేషన్ తర్వాత మంచం దిగలేదు. "నేను ఎవరిలా అవుతాను?" అని అడుగుతున్నారు. కొడుకు వెంటనే చేయించుకోమంటున్నాడు. బావమరిది, మెడ దగ్గర కత్తి పెడితే కాళ్లూ చేతులూ పడిపోతాయంటున్నారు. నాలుగు నెలల్లో, మాఘంలో కూతురి పెళ్లి. అది అయ్యేదాకా ఆగుదామని ఆయన ఆలోచన. ఈ జబ్బు సంగతి పెళ్లివారికి ఇంకా తెలియదు. రోజుకు ఒక కట్ట బీడీలు. మూడు నెలల షుగర్ సగటు చూపే హెచ్‌బిఏ1సి పరీక్షలో 9.4 వచ్చింది. ఉత్తరం ఆఖరి పేజీలో రెండు మాటలు రాశారు: ఒంటేలుకు కూర్చుంటే చాలాసేపటి దాకా రావడం లేదని, అది సిగ్గుతో డాక్టరుకు చెప్పలేదని, ఇంట్లోవాళ్లకు బరువైపోయానని అనిపిస్తోందని.

సమాధానం

మీరు ఆఖరి పేజీలో రాసిన ఆ రెండు మాటలతోనే మొదలుపెడతాను. మీ పరిస్థితిలో అన్నిటికంటే ముఖ్యమైన సమాచారం అక్కడే ఉంది.

మెడలో వెన్నుపాము నలిగిన వాళ్ల స్థితిని కొలవడానికి వైద్యులు 18 మార్కుల లెక్క ఒకటి వాడతారు. జపాన్ ఎముకల వైద్యుల సంఘం 1975లో చేసిన కొలతకు ఇది మార్పులు చేసిన రూపం. చేతుల పనికి 5, కాళ్లకు 7, చేతుల్లో స్పర్శకు 3, మూత్రం మీద అదుపుకు 3. పద్దెనిమిదీ వస్తే ఏ లోపమూ లేనట్టు. 15 నుంచి 17 అయితే తేలికపాటి జబ్బు, 12 నుంచి 14 అయితే మధ్యస్థం, 11 గానీ అంతకంటే తక్కువ గానీ అయితే తీవ్రం. మీరు రాసినదాన్ని బట్టి లెక్క కట్టాను. గుండీలు అతికష్టం మీద పెట్టుకోగలరు కాబట్టి చేతులకు 3. మెట్లకు ఆసరా కావాలి కాబట్టి కాళ్లకు 4. తిమ్మిర్లు మరీ ఎక్కువ కాదన్నారు, స్పర్శకు 2. మీ సర్జనుకు మూత్రం సంగతి తెలియదు కాబట్టి ఆయన అక్కడ పూర్తిగా 3 వేసుంటారు. మొత్తం 12, అంటే మధ్యస్థం. మీరు దాచిన మాట చెబితే అక్కడ 2 పడుతుంది. మొత్తం 11. జబ్బు తీవ్రమైన దాని కింద లెక్కలోకి వస్తుంది.

నేను మిమ్మల్ని పరీక్షించలేదు, ఇది ఉత్తరం చదివి వేసిన లెక్కే. ఈ వయసులో ప్రొస్టేట్ వాపు వల్లా మూత్రం ఆగుతుంది, షుగర్ వల్లా ఆగుతుంది. దేనివల్లో తేల్చాల్సింది డాక్టరే, ఆయనకు తెలియనిది ఆయన తేల్చలేరు. దయచేసి ఈ వారంలోనే చెప్పండి. నోటితో చెప్పలేకపోతే కాగితం మీద రాసి ఇవ్వండి. వాళ్లు రోజూ వినే మాటే అది.

ఇక "నేను ఎవరిలా అవుతాను" అన్న ప్రశ్న. మీరు చూసిన ఆ ఇద్దరిదీ బహుశా మీ జబ్బు కాదు. టీకొట్టు ఆయనకు మెడ నుంచి చేతిలోకి షాకు కొట్టినట్టు నొప్పి ఉండేదని, నడక బాగానే ఉండేదని రాశారు. అది వెన్నుపాము నుంచి బయటికి వచ్చే నరం ఒకటి నలిగినప్పుడు ఉండే తీరు. ఆ ఒత్తిడి తీసేస్తే నొప్పి చాలామందికి త్వరగా తగ్గుతుంది. ఆవిడ బాత్రూములో జారిపడి అప్పటికప్పుడు కాళ్లూ చేతులూ పడిపోయాక ఆసుపత్రికి వెళ్లారన్నారు. ఆమెను మంచాన పడేసింది చాలావరకు ఆ పడటమే అయ్యుంటుంది, మీ ఊళ్లో నింద మాత్రం ఆపరేషన్ మీద పడింది. మీ బావమరిది భయానికి మూలం కూడా ఇదే కావచ్చు. మీది ఈ రెండూ కాదు. వెన్నుపామే నెలల తరబడి కొద్దికొద్దిగా నలుగుతూ వచ్చింది.

వరదలో మునిగిన వరిపైరును చూసే ఉంటారు. నీళ్లు తీసేశాక పైరు లేస్తుందా లేదా అన్నది ఎన్నాళ్లు మునిగింది, ఎంత లోతున మునిగింది, అప్పటికి పైరు ఏ దశలో ఉంది అన్నదాన్ని బట్టి ఉంటుంది. వెన్నుపాము కోలుకోవడం కూడా అంతే. ఆపరేషన్ చేసేది ఒత్తిడి తీయడం వరకే. ఆ తర్వాతి కోలుకోవడం ఎక్కువగా మనిషి ఏ స్థితిలో ఆపరేషన్ బల్ల ఎక్కాడన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఇది నా అభిప్రాయం మాత్రమే కాదు. ఉత్తర అమెరికాలోని 12 కేంద్రాల్లో ఈ ఆపరేషన్ చేయించుకున్న 270 మందికి పైగా రోగులను గమనించి, ఎవరు బాగా కోలుకుంటారో ముందే అంచనా వేసే పద్ధతిని 2013లో ప్రచురించారు. అక్కడ ఫలితాన్ని తగ్గించినవి ఇవి: లక్షణాలు ఎక్కువ కాలం ఉండటం, ఆపరేషన్ నాటికే జబ్బు ముదరడం, నడక దెబ్బతినడం, పెద్ద వయసు, పొగ తాగడం, మానసిక కుంగుబాటు లాంటి సమస్యలు. షుగర్ కూడా కోలుకోవడాన్ని తగ్గించవచ్చని ఇతర పరిశీలనలు చెబుతున్నాయి.

ఆ జాబితాలో మిమ్మల్ని పెట్టి చూద్దాం. వయసు మీకు అనుకూలం. 54 ఈ జబ్బుకు పెద్ద వయసు కాదు. గడిచిన ఏడాది ప్రతికూలం, దాన్ని వెనక్కి తేలేం. అందుకు మిమ్మల్ని మీరు నిందించుకుంటున్నారు, అక్కర్లేదు. వేళ్ల తిమ్మిరి షుగర్‌దా మెడదా అని తేల్చడం కష్టం కావడంతో ఈ జబ్బు బయటపడటం చాలా దేశాల్లోనూ ఆలస్యమవుతోంది. నడక దెబ్బతింది, అదీ ప్రతికూలమే. ఇక మిగిలినవి బీడీ, షుగర్, మనసు. వీటిలో మార్పు ఇప్పటికీ సాధ్యమే. అన్నిటికంటే ముఖ్యంగా, ఇక ముందు పోబోయే కాలం ఇంకా మీ చేతుల్లోనే ఉంది.

ఆశకు కారణమైన అంకె ఒకటి చెబుతాను. అదే ఉత్తర అమెరికా రోగుల్లో ఏడాది తర్వాత తేలికపాటి జబ్బువాళ్లకు సగటున 1.3 మార్కులు పెరిగితే, మధ్యస్థులకు 2.6 వరకు, తీవ్రమైన వాళ్లకు 4.9 వరకు పెరిగాయి. ఎక్కువ పోగొట్టుకున్న వాళ్లే ఎక్కువ తిరిగి తెచ్చుకున్నారు. అయినా వాళ్లు చివరికి చేరిన మెట్టు మాత్రం జబ్బు తేలికగా ఉండగానే వచ్చినవాళ్ల కంటే కిందే ఉంది. ఇది సగటు, మీ జాతకం కాదు. కానీ "హామీ ఇవ్వలేను" అన్న సర్జన్ మాటను "ఏమీ రాదు" అని అర్థం చేసుకోవద్దు. ఆయన నిజాయితీగా చెప్పారు. నూటికి నూరు శాతం తగ్గిస్తామన్న వాళ్లను నేనైతే నమ్మను.

ఎమ్మారై రిపోర్టులో వెన్నుపాములో "తెల్ల మచ్చ" అని చదివి, వెన్నుపాము చచ్చిపోయిందనుకున్నారు. టీ2 అనే రకం చిత్రంలో కనిపించే తెలుపు వాపు వల్ల కూడా రావచ్చు. అది ఉన్నవాళ్లలో చాలామంది కోలుకుంటారు. అదే చోటు టీ1 చిత్రంలో నల్లగా కనిపిస్తే శాశ్వత నష్టం జరిగి ఉండే అవకాశం ఎక్కువ. "టీ1లో ఏమైనా ఉందా?" అని మీ డాక్టరునే అడగండి.

మీ ప్రాంతం పేరు చూడగానే నాకు ఫ్లోరైడు గుర్తొచ్చింది. మన దేశంలో నీటి ఫ్లోరైడు వల్ల ఎముకలు దెబ్బతినడాన్ని మొదటగా వివరించింది 1937లో, నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో. హైదరాబాద్ న్యూరోసర్జన్ డాక్టర్ డి. రాజారెడ్డి ఈ ఫ్లోరోసిస్ వెన్నుపామును ఎలా నలుపుతుందో ఏళ్ల తరబడి పరిశీలించి రాశారు. ఫ్లోరైడు ఎక్కువున్న బోరు నీళ్లు ఏళ్లుగా తాగితే మెడలోని ఎముకలు మందమై, వాటిని పట్టి ఉంచే పట్టీలు కూడా ఎముకలా గట్టిపడవచ్చు. అలాంటప్పుడు ఆపరేషన్ కష్టమవుతుంది, పద్ధతీ మారవచ్చు. చిన్నప్పటి నుంచి ఏ నీళ్లు తాగారో సర్జనుకు చెప్పి, సీటీ స్కాన్ అవసరమా అని అడగండి. ఇంకో రక్తపరీక్ష కూడా: షుగర్‌కు మెట్‌ఫార్మిన్ బిళ్లలు చాలా ఏళ్లుగా వాడేవాళ్లలో బి12 విటమిన్ తగ్గవచ్చు. ఆ లోపం కూడా వెన్నుపామును దెబ్బతీసి ఇవే లక్షణాలు తెస్తుంది. ఉంటే ఇంజెక్షన్లతో సరిచేయవచ్చు. ఆపరేషన్ తర్వాత కోలుకోవడానికి అడ్డుపడే కారణం ఒకటి తగ్గుతుంది.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

మొదటిది, పెళ్లికి ముందే చేయించుకోవడం. మధ్యస్థ, తీవ్ర స్థాయిల్లో ఆపరేషనే చేయాలని 2017లో వెలువడిన అంతర్జాతీయ మార్గదర్శకాలు సూచించాయి. ఫిజియోథెరపీతో కొన్నాళ్లు చూడటం అన్నది తేలికపాటి జబ్బువాళ్లకు ఇచ్చిన వెసులుబాటు. మూడు నాలుగు వారాల్లో చేయించుకుంటే పెళ్లినాటికి మీకు సుమారు మూడు నెలల సమయం దొరుకుతుంది. కోలుకోవడంలో ఎక్కువ భాగం మొదటి ఆరు నెలల్లో వస్తుంది, ఏడాది వరకు సాగుతుంది, ఆ తర్వాత మార్పు చాలా నెమ్మది. అంటే పెళ్లికి మీరు సగం దారిలో ఉంటారు. పీటల మీద కూర్చుని కన్యాదానం చేయగలుగుతారనే అనుకుంటున్నాను. వంటవాళ్ల వెంట, షామియానా వాళ్ల వెంట మాత్రం తిరగలేరు. ఆ పని కొడుకుకూ బావమరిదికీ అప్పగించాలి. రిస్కులూ ఉన్నాయి. ముందు వైపు నుంచి చేస్తే కొన్నాళ్లు మింగడం కష్టం కావచ్చు, గొంతు బొంగురుపోవచ్చు. కొద్దిమందికి భుజం ఎత్తలేని బలహీనత వస్తుంది, ఎక్కువగా నెలల్లో తగ్గుతుంది. ఆపరేషన్ వల్లే వెన్నుపాముకు ఇంకా నష్టం జరిగే ప్రమాదం చిన్నదే, కానీ లేదనను. షుగర్ అదుపులో లేకపోతే కుట్లు చీము పట్టే ప్రమాదం ఎక్కువ.

రెండోది, మీరనుకున్నట్టు పెళ్లయ్యాక. నాలుగు నెలలు అంటే చిన్న మాటే. కానీ మీ ఉత్తరంలోనే ఆర్నెల్ల కిందట మెట్లు మామూలుగా దిగేవాడినని ఉంది. అంత వేగంగా దిగజారుతున్నప్పుడు ఈ నాలుగు నెలల్లో పోయేది తర్వాత ఆపరేషన్‌తో తిరిగి రాకపోవచ్చు. పైగా పెళ్లి పనులంటే శుభలేఖలు పంచడానికి బండి ప్రయాణాలు, రాత్రి తిరుగుళ్లు, తడి నేలలు. వెన్నుపాము ఉండే కాలువ ఇలా ఇరుకై ఉన్నప్పుడు ఒక్కసారి బోర్లా పడితే పక్కవీధి ఆవిడకు జరిగిందే జరగవచ్చు. అయినా ఈ దారే ఎంచుకుంటే బండి వెనక కూర్చోవడం మానండి. చీకట్లో టార్చి, కాలికి పట్టీ ఉన్న చెప్పులు, బాత్రూములో పట్టుకోవడానికి ఒక కడ్డీ ఉండాలి. మంగలి షాపులో మెడ విరిపించుకోవడం, ఎవరి చేతనైనా మెడ లాగించుకోవడం పూర్తిగా బంద్. వారానికోసారి పది సెకన్లలో గుప్పిట ఎన్నిసార్లు వేగంగా మూసి తెరవగలరో కొడుకు చేత లెక్కపెట్టించండి. మామూలు మనిషి 20 సార్లు చేస్తాడు. ఆ అంకె తగ్గుతూ పోతే మాఘం దాకా ఆగవద్దు.

మూడోది, ఆపరేషనే వద్దనుకోవడం. ఈ జబ్బులో కొందరు ఏళ్ల తరబడి ఉన్నచోటే ఉంటారు, అది నిజమే. ఆపరేషన్ లేకుండా మూడు నుంచి ఆరేళ్లలో 20 నుంచి 60 శాతం మంది దిగజారారని పరిశీలనలు చెబుతున్నాయి. మీరు ఇప్పటికే దిగజారుతున్నవాళ్లలో ఉన్నారు కాబట్టి ఆ స్థిరంగా ఉండిపోయేవాళ్ల వైపు మీరు పడతారని నాకు నమ్మకం లేదు.

ఇంకో దారి మీ ఉత్తరంలో లేదు: పెళ్లివారితో మాట్లాడి ముహూర్తం మార్చుకోవడమో, పెళ్లి చిన్నగా చేసుకోవడమో. తెలిస్తే సంబంధం తప్పిపోతుందని మీ భయం. వాళ్లను నేనెరగను, మీకే తెలుసు. కానీ ముందు మీ అమ్మాయిని అడగండి. తన పెళ్లి కోసం నాన్న చేతులు పణంగా పెట్టాడని తర్వాత తెలిస్తే ఆ పిల్ల ఏమనుకుంటుందో ఆలోచించారా? నా మొగ్గు మొదటి దారి వైపు అని దాచకుండా చెబుతున్నాను. నిర్ణయం మాత్రం మీదీ, మీ ఇంట్లోవాళ్లదీ.

సందేహంగా ఉంటే రెండో అభిప్రాయం తీసుకోండి, సర్జన్లు దానికి నొచ్చుకోరు. గుంటూరు ప్రభుత్వాసుపత్రి లేదా హైదరాబాద్ నిమ్స్‌లో న్యూరోసర్జరీ విభాగాలున్నాయి. కానీ ఆ వెతుకులాటకు రెండు వారాలకు మించి ఇవ్వకండి. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉందన్నారు. మీకు చేయబోయే ఆపరేషన్ అందులో వస్తుందో లేదో ఆసుపత్రిలో ఆ పథకం చూసే సిబ్బంది ముందే చూసి చెబుతారు.

ఏ దారైనా బీడీ ఈరోజే ఆపాలి. ఇలాంటి ఆపరేషన్లలో చాలావాటికి మెడ పూసలు ఒకటిగా అతుక్కోవాలి. పొగ తాగేవాళ్లలో ఆ అతుకు సరిగా పడకపోయే ప్రమాదం ఎక్కువ. ముప్పై ఏళ్ల అలవాటు ఒక్క పూట మానడం ఎంత కష్టమో తెలుసు, సాయం అడగండి. అయితే నికోటిన్ చూయింగ్ గమ్ వాడే ముందు సర్జనును అడగండి. షుగర్ సంగతికొస్తే, హెచ్‌బిఏ1సి మూడు నెలల సగటు కాబట్టి ఆ అంకె తగ్గేదాకా కూర్చుంటే మూడు నెలలు పోతాయి. రోజువారీ షుగర్‌ను ఇన్సులిన్‌తో కొద్ది వారాల్లోనే అదుపులోకి తేవచ్చు. షుగర్ డాక్టరునూ సర్జనునూ ఒకరితో ఒకరిని మాట్లాడించండి. ఆపరేషన్‌ను వాయిదా వేసే బదులు షుగర్‌ను తొందరపెట్టడం మేలు.

మనసు గురించి. ఇంటికి బరువైపోయానన్న మాటను నేను తేలిగ్గా తీసుకోలేదు. నిద్ర లేకపోవడం, తిండి సయించకపోవడం, షాపు తలుపు తీయాలనిపించకపోవడం కూడా రాశారు. ఇవన్నీ కలిస్తే కుంగుబాటు. ఇది ఉన్నవాళ్లకు ఆపరేషన్ ఫలితం తగ్గుతుందని పైన చెప్పిన పరిశీలనలోనే ఉంది, కాబట్టి మెడకు మాత్రమే వైద్యం చేస్తే చాలదు. డాక్టరుకు ఇదీ చెప్పండి. ఇంట్లో చెప్పలేని రాత్రి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416 నంబరుకు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. చచ్చిపోవాలనే ఆలోచన వస్తే రాత్రి అని చూడకుండా మీ ఆవిడను లేపి చెప్పండి.

మెషిన్ అమ్మేయాలా అని అడిగారు. ఇప్పుడు అమ్మకండి. ఆపరేషన్ తర్వాత ఏడాది వరకు చేతులు మారుతూనే ఉంటాయి. అన్నీ ఒకేసారి రావు. చేతి పట్టు, నడక కుదురుకున్నా తిమ్మిరి కొంత మిగిలిపోవచ్చు. కాజాలు, హుక్కులు లాంటి సన్నపని మునుపటంత నాజూగ్గా రాకపోయే అవకాశం ఉందని సిద్ధపడండి. కటింగ్, కొలతలు, మెషిన్ మీద పొడవు కుట్లు ముందుగా తిరిగి వస్తే వాటితో మొదలుపెట్టవచ్చు. కాలితో తొక్కే మెషిన్‌కు మోటారు బిగించండి. తల వంచి గంటల తరబడి కూర్చోకుండా బల్ల ఎత్తు పెంచండి. మీ ఆవిడకు చేతిపని వచ్చన్నారు, కాజాలు కొన్నాళ్లు ఆమె చేతుల మీదుగా పోనివ్వండి. సర్జన్ సరేనన్న రోజు నుంచి ఫిజియోథెరపిస్టు నేర్పిన చేతి వ్యాయామాలు రోజూ చేయండి. గుండీలు పెట్టడం, తీయడం, పెసలు ఒక్కొక్కటిగా ఏరడం, చిల్లర నాణేలు గిన్నెలో వేయడం లాంటివి. మీ వృత్తికి దగ్గరైన వ్యాయామాలే ఇవన్నీ.

ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు బావమరిదిని కూడా తీసుకెళ్లండి. ఆయన భయం ఆయన నోటితోనే అడగనివ్వండి. ఆపరేషన్ ముందు నుంచి చేస్తారా వెనక నుంచా, ఎందుకు, ఎన్ని పూసలు కలుపుతారు, మింగడంలో ఇబ్బంది వస్తే ఎన్నాళ్లు, కాలర్ ఎన్నాళ్లు, ఇలాంటివి ఏడాదికి ఎన్ని చేస్తారు అన్నవి ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి.

ఈలోగా కింది వాటిలో ఏది జరిగినా అపాయింట్‌మెంటు కోసం ఆగకుండా అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్లాలి: మూత్రం పూర్తిగా ఆగిపోవడం, తెలియకుండా మలమూత్రాలు పోవడం, రెండు మూడు రోజుల్లోనే నడక బాగా దెబ్బతినడం, కింద పడ్డాక చేతుల్లోనో కాళ్లలోనో కొత్తగా బలం తగ్గడం. పడ్డప్పుడు మెడను కదపనివ్వకండి. పడ్డచోటే కదలకుండా ఉంచి, తలకు రెండు పక్కలా మడిచిన దుప్పట్లు పెట్టి, 108కి ఫోన్ చేయమని ఇంట్లో అందరికీ ముందే చెప్పి ఉంచండి.